జానెడు తక్కువ తెర

రాజభవనం వెనక గోడని ఆనుకుని ఒక సన్నటి వీధి ఉంది. ఆ వీధిలో సైకిల్ షాపుకీ జిరాక్స్ షాపుకీ మధ్య, మనిషి కాస్త పక్కకి తిరిగితే తప్ప పట్టనంత గదిలో ఆమె ముప్పై ఎనిమిదేళ్ళుగా బట్టలు కుడుతోంది. బోర్డు మీద ‘లేడీస్ టైలర్’ అని ఉంటుంది గానీ వీధిలో ఎవరూ అలా పిలవరు. తెరమ్మ అంటారు. ఏడాది పొడుగునా ఆమె కుట్టేది జాకెట్లు, స్కూలు యూనిఫారాలు, పొట్ట పెరిగిన మగవాళ్ళ ప్యాంట్ల నడుములు. పేరు మాత్రం ఏడాదికి ఒకే ఒక్కసారి చేసే పని వల్ల వచ్చింది. రాజభవనం ఆవరణలో ఉన్న గుళ్ళో, గర్భగుడి వాకిలికి వేలాడే పట్టు తెర ఆమె చేతిదే.

ఆ గుడి ఎప్పుడో ఒక రాజుగారు తన రాణి కోసం కట్టించింది. రాణివాసం దాటి బయటికి వెళ్ళే వీల్లేదు కాబట్టి ఆవిడ గుడికి వెళ్ళలేదు. అందుకని రాజుగారు గుడినే ఇంట్లోకి తెచ్చిపెట్టాడు. అదే పని తలుపు తీసి కూడా చేయొచ్చు. కానీ రాజులకి తలుపు తీయడం కంటే గోడ కట్టడం తేలిక. ఏదైతేనేం, గుడి మంచిగా కట్టారు. నల్లరాతి స్తంభాల మంటపం, దానికి రెండు మెట్ల పైన గర్భగుడి, లోపల నిలువెత్తు స్వామి. రాజ్యాలు పోయాక రాజభవనంలో సగం మ్యూజియం అయింది, సగం ఆఫీసులయ్యాయి. గుడి మాత్రం గుడిగానే ఉండి, ఊరందరిదీ అయింది.

రాణివాసం గుడి కాబట్టి తెర కుట్టే పని దర్జీకి ఇవ్వలేదు, దర్జీ పెళ్ళానికి ఇచ్చారు. అయితే ఆవిడ కూడా మెట్లెక్కి గర్భగుడి వాకిలి దాకా వెళ్ళకూడదు. మరి కొలత ఎలా? అప్పటి పూజారి పైన తెర కట్టే కమ్మీ నుంచి కింద గడప దాకా ఒక నూలు తాడు వదిలి, గడప దగ్గర కోసి, ఆవిడ దోసిట్లో పడేశాడు. ఆ తాడే కొలత. అది కొడుకులకి పోదు, కూతుళ్ళకి పోదు. ఆ ఇంటికి వచ్చిన కోడళ్ళకి పోతుంది.

అలా తెరమ్మకి వచ్చింది. పందొమ్మిదేళ్ళకి ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పుడు ఆమెకి సూదిలో దారం ఎక్కించడం కూడా సరిగ్గా రాదు. అత్తగారు నోరున్న మనిషి. “దర్జీ ఇంటికి కోడల్ని తెమ్మంటే వీళ్ళు దారం చూసి దడుచుకునే పిల్లని తెచ్చారు,” అని వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేది. అలాగని నేర్పడం మానలేదు. కుట్టు వంకర పోతే విప్పించేది, మళ్ళీ పోతే మళ్ళీ విప్పించేది. మూడేళ్ళ తర్వాత ఒకరోజు కొత్త తెర మీద కోడలి కుట్టు వేలితో తడిమి చూసి, ఏమీ అనకుండా తాడు తీసి చేతికిచ్చింది. ఆవిడ నోటి నుంచి తిట్టు రాకపోవడమే పెద్ద మెప్పు. ఆ రోజు ఒక్క మాట చెప్పింది: “కన్ను మోసం చేస్తుంది, టేపు సాగుతుంది. తాడు మాత్రం అబద్ధం ఆడదే పిల్లా.”

తెరమ్మ ఆ మాట నమ్మింది. ఎప్పుడైనా అనుమానం వస్తే, కుట్టిన తెర పక్కన తాడు పెట్టి చూసేది. అంగుళం తేడా లేకుండా సరిపోయేది. ఎందుకు సరిపోదూ, అదే తాడుతో కొలిచి కుట్టాక?

ఆ తెరకి ఒక ప్రత్యేకత ఉంది. మూసినా గడప దాకా రాదు, జానెడు పైనే ఆగిపోతుంది. కింద మంటపంలో నిలబడి కాస్త వంగితే తెర కింది నుంచి స్వామి పాదాలు కనిపిస్తాయి. మ్యూజియం గైడు దీని గురించి రోజుకి పదిసార్లు చెబుతాడు: “ఆలస్యంగా వచ్చినవాళ్ళు ఉత్త కళ్ళతో తిరిగి వెళ్ళకూడదని మహారాణిగారు ఆజ్ఞ ఇచ్చారండీ. ముఖానికి తెర ఉండొచ్చు గానీ పాదాలకి ఉండకూడదు అన్నారండీ.” వినేవాళ్ళు ఆహా అంటారు. గైడు తనే చెప్పిన మాటకి తనే కళ్ళు తుడుచుకున్న రోజులు కూడా ఉన్నాయి.

ఆజ్ఞ ఎవరిదైనా లాభం మాత్రం నిజం. మధ్యాహ్నం నైవేద్యానికి తెర వేసేదీ, చుట్టుపక్కల పనిచేసేవాళ్ళకి భోజన విరామం దొరికేదీ ఒకటే సమయం. ఎదుటి ఆసుపత్రి నర్సు, ఆఫీసు లిఫ్టు నడిపే మనిషి, సందు చివర ఇస్త్రీ బండివాడు, ఆవరణ ఊడ్చే ముసలమ్మ ఆ అరగంటలోనే వస్తారు. చెప్పులు విడిచి, వంగి, పాదాలు చూసుకుని, తిన్నగా పనికి పోతారు. తెర ఎత్తేదాకా ఆగే తీరిక వాళ్ళలో ఒక్కరికీ లేదు.

ఈ ఏడు తెరమ్మ తాడుని తన కోడలికి ఇచ్చేద్దామనుకుంది. కోడలు పనిమంతురాలు. ఆ మాట తెరమ్మ వీధంతా చెప్పింది, కోడలికి తప్ప. అలాంటి సమయంలో మ్యూజియం గదిలో పైకప్పు కారింది.

కారిన నీళ్ళ కింద పాత పెట్టెలుంటే తీసి ఆరబెట్టారు. ఒక పెట్టె అడుగున పట్టు తెర బయటపడింది. అంచున కుట్టిన గుడ్డ ముక్క మీద, గుడి ఎవరి కోసం కట్టారో ఆ రాణిగారి పేరే ఉంది. అంటే మొట్టమొదటి తెరల్లో ఒకటి. గుడికి కొత్తగా వచ్చిన మేనేజరు దాన్ని పొడుగాటి బల్ల మీద పరిచి, పక్కన కిందటేడు తెర పరిచాడు. పాతది జానెడు పొడుగుంది.

ఈ మేనేజరు పాతికేళ్ళు ఏదో గోదాములో పనిచేసి వచ్చినవాడు. ఆయన కంటికి తగ్గినదంతా పోయినదే, పోయినదంతా ఎవరో తీసినదే. తెరమ్మని పిలిపించాడు.

“గుడ్డ పాత కొలతకే కొంటున్నాం అమ్మా. తెర జానెడు తక్కువ వస్తోంది. ఈ జానెడు పట్టు ఎటు పోతున్నట్టు?”

“మిగిలిన ముక్కలన్నీ మూటగట్టి పూజారిగారికే ఇస్తాం సార్. అడగండి.”

“ఇప్పుడున్న పూజారిగారు చెప్పారు, మీరిస్తున్నారట. మీ అత్తగారి కాలంలో, ఆవిడ అత్తగారి కాలంలో ఇచ్చారో లేదో ఎవరు చూశారు? ఎక్కడో ఒకచోట ఎవరో మొదలుపెట్టి ఉంటారు.”

తెరమ్మకి ఒళ్ళు మండిపోయింది. “మా అత్తగారు పోయేనాటికి ఆవిడ పెట్టెలో ఉన్నవి నాలుగు నూలు చీరలు సార్! తెర పొట్టిగా ఉండటం రాణిగారి ఆజ్ఞ. గైడుని అడగండి.”

“రాణిగారి ఆజ్ఞే అయితే రాణిగారి కాలం తెర ఇంత పొడుగెందుకుంది?”

మేనేజరు వారం గడువిచ్చాడు. కారణం చెప్పలేకపోతే తెర పని బయటివాళ్ళకి ఇచ్చేస్తానన్నాడు. పని పోతుందన్న భయం ఒక ఎత్తు, చచ్చిపోయిన అత్తగారు దేవుడి గుడ్డ దొంగిలించిందన్న మాట ఒక ఎత్తు. ముప్పై ఎనిమిదేళ్ళలో అత్తగారిని తెరమ్మ మనసులో ఎన్ని తిట్టుకుందో లెక్కలేదు. అయితే ఆ తిట్లు ఆమె సొంతం. పరాయివాడు ఒక్క మాటంటే ఊరుకునే మనిషి కాదు.

రెండు తెరల కొలతలూ రాయించుకుని ఇంటికి వచ్చి, తాడు తీసి కోడలి ముందు పడేసింది. కోడలు టేపు పెట్టి కొలిచింది. తాడూ, కిందటేడు తెరా ఒకటే కొలత.

“చూశావా, మన తప్పేం లేదు,” అంది తెరమ్మ.

కోడలు తాడుని చేతుల్లో తిప్పుతోంది. “అత్తయ్యా, ఈ ముడులేంటి?”

“పాత తాడు కదా, తెగినప్పుడల్లా ముడేశారు. ఇది నేను వేసిందే, నీ మొగుడు పుట్టిన ఏడు ఎలుక కొరికితే. ఇదేమో మీ మామయ్య చిన్నప్పుడు బొంగరానికి కావాలని కోసేశాడట. మీ మామయ్య వీపు చిట్లగొట్టి మా అత్తయ్య మళ్ళీ ముడేసింది. మిగతా మూడూ అంతకు ముందువి.”

“ముడి వేస్తే తాడు తగ్గదా అత్తయ్యా?”

తెరమ్మ తాడు లాక్కుని ముడి దగ్గర పట్టుకుని చూసింది. ముడి వేస్తే దారం తగ్గుతుందని కుట్టు నేర్చుకునే పిల్లకి మొదటి రోజే తెలుస్తుంది. ఐదు తరాల కుట్టుపని ఆడవాళ్ళకి తెలియలేదు. తెలియక కాదు, అది తాడు కాబట్టి. కొలిచే దాన్నే కొలవాలని ఎవరికి తోస్తుంది?

ఆ మధ్యాహ్నం షాపు తలుపు దగ్గరగా వేసి, అత్తాకోడళ్ళు సూదులతో ముడులు విప్పారు. ఎండిపోయి బిగిసిన ముడులు, గోళ్ళు విరిగాయి గానీ విప్పారు. ఆరు ముక్కలూ చివరలు కలిపి నేల మీద పరిచి కొలిస్తే, సరిగ్గా పెట్టెలో దొరికిన తెర పొడుగు వచ్చింది. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు, తలా ఒక ముడి వేసి ఐదుగురు కోడళ్ళు దేవుడి తెరని జానెడు పైకి తీసుకుపోయారు. దొంగతనం లేదు, రాణిగారి ఆజ్ఞా లేదు.

సరిగ్గా అప్పుడే యువరాజావారు వచ్చారు. యువరాజావారికి డెబ్భై రెండేళ్ళు. తండ్రి తొంభై ఆరేళ్ళు బతకడంతో ఈయనకి రాజు అనిపించుకునే వయసు దాటిపోయింది, యువరాజు అన్న పేరే మిగిలిపోయింది. గుడికి వంశపారంపర్య ధర్మకర్త ఈయనే. పాత స్కూటర్ మీద వచ్చి, కోటు మోచేతికి అతుకు వేయించుకుంటూ ఉంటారు. విషయం విని నవ్వారు.

“దీనికింత బాధెందుకు తల్లీ? ఆజ్ఞ మా ఇంట్లో నోటిమాటగా వస్తోందని నేను రాసిచ్చేస్తాను. మా ముత్తవ్వ లేచి వచ్చి కాదంటుందా?”

కోడలి ముఖం వెలిగింది. తెరమ్మ తల అడ్డంగా ఊపింది. “వద్దు బాబుగారూ. మా అత్తని దొంగ అన్నారు. కాదని నిజంతో చెప్పాలి గానీ, మీ ముత్తవ్వ కొంగు చాటున దాచి చెబితే అనుమానం అలాగే ఉంటుంది.”

మర్నాడు ఆరు ముక్కలూ తీసుకెళ్ళి మేనేజరు బల్ల మీద పరిచింది. ఆయన మూడుసార్లు కొలిచాడు. మూడోసారి కొలిచాక కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. “తప్పు మాట అన్నానమ్మా. క్షమించండి,” అన్నాడు. మనిషి గోదాము మనిషే గానీ మంచివాడు. తర్వాత అన్నాడు: “కారణం తెలిసింది కదా. ఇకనుంచి సరైన కొలతకి కుట్టండి.”

“అలాగే సార్,” అంది తెరమ్మ. ఆ క్షణంలో ఆమెకి సంతోషం తప్ప ఇంకేమీ తోచలేదు. వీధిలో నడుస్తూ కనపడ్డవాళ్ళందరికీ చెప్పింది. అత్తాకోడళ్ళు పదిరోజుల్లో కొత్త తెర కుట్టారు. పూజారిగారు కట్టారు. తెర గడపని ముద్దుపెట్టుకున్నట్టు నిలిచింది. మేనేజరు బాగుందన్నాడు.

చూసుకుందామని తెరమ్మ మధ్యాహ్నం గుడికి వెళ్ళింది. ఆ వేళకి ఆమె ఎప్పుడూ వెళ్ళింది లేదు. భోజన విరామంలో వచ్చేవాళ్ళు జాకెట్ల కోసం షాపుకి కూడా వస్తారు కాబట్టి ఆ అరగంటా మిషను దగ్గరే ఉండేది.

నర్సు వచ్చింది. చెప్పులు విడిచింది, అలవాటుగా వంగింది, అలాగే ఆగిపోయింది. “ఇదేంటి తెరమ్మగారూ, కిందికి వచ్చేసిందేంటి?”

“ఇదేనమ్మా సరైన కొలత. ఇన్నాళ్ళూ మా ఇంటి తప్పు.”

“ఓహో. సరైనదైతే సరేలెండి,” అని నర్సు గుడ్డకే దండం పెట్టింది. గడియారం చూసుకుని వెళ్ళిపోయింది. లిఫ్టు మనిషి వచ్చాడు, వంగాడు, లేచాడు, వెళ్ళాడు. ఇస్త్రీ బండివాడు కాసేపు నిలబడి, ఎవరినీ ఏమీ అననట్టుగా అన్నాడు: “నేను స్వామి ముఖం చూసి పదకొండేళ్ళయింది. కాళ్ళు చాల్లే అనుకున్నాను.” ఊడ్చే ముసలమ్మ మాత్రం వంగలేదు, ఆవిడ నడుము ఎప్పుడో పట్టేసింది. మెట్టు పక్కన కూలబడి మెడ వంచి చూసేది. ఇవాళ కూడా చూసింది. చూసి, చీపురు తీసుకుని లేచింది.

ఒక్కరైనా తిట్టి ఉంటే తెరమ్మకి హాయిగా ఉండేది. జవాబు చెప్పేది, గొడవపడేది, ఇంటికి వెళ్ళి అన్నం తినేది. ఎవరూ తిట్టలేదు. మూడురోజులు ఆమెకి పని సాగలేదు. ఒకరి జాకెట్టుకి కుడి చెయ్యి ఎడమవైపు కుట్టింది.

“కొత్త ఫ్యాషనా అత్తయ్యా?” అంది కోడలు.

“నోర్ముయ్,” అంది తెరమ్మ. ఆ చెయ్యి కుట్టు విప్పుతూ అంది: “మన తప్పు పదిమంది కడుపు నింపిందే. నేను దిద్ది వాళ్ళ నోటి దగ్గరది లాగేశాను. తప్పు దిద్దడం కూడా ఒక తప్పేనా?”

“ఇప్పుడు మళ్ళీ ముడులు వేస్తారా?”

“ముడులెందుకు, చేతులున్నాయిగా,” అని సుద్దముక్క తీసుకుని లేచింది.

గుడికి చేరేసరికి మధ్యాహ్నం తెర పడింది. తెరమ్మ మంటపంలో నిలబడి గొంతు పెంచింది. “పూజారిగారూ, ఒకసారి బయటికి రండి. కుట్టులో పొరపాటుంది.”

పూజారి తెర పక్కనుంచి తల బయటపెట్టాడు. “ఏం పొరపాటు? చక్కగా ఉంటేనూ.”

“పొడుగెక్కువైంది. ఇదిగో సుద్దముక్క. నేను చెప్పిన దగ్గర గీత పెట్టండి.”

ఆయన ఆమె వంకా, మంటపంలో చెప్పులు విడుస్తున్నవాళ్ళ వంకా చూశాడు. “లోపల నాకూ ఏదో పెట్టెలో కూర్చున్నట్టే ఉందమ్మా ఈ నాలుగు రోజులూ,” అని సుద్దముక్క అందుకున్నాడు. గడప దగ్గర కూర్చుని తెర అంచు పట్టుకుని మెల్లగా పైకి మడవడం మొదలుపెట్టాడు.

తెరమ్మ ఊడ్చే ముసలమ్మని మెట్టు పక్కన ఆవిడ చోటులో కూర్చోబెట్టింది. “కనపడుతున్నాయా అవ్వా?”

“లేదే.”

“ఇంకొంచెం పైకి పూజారిగారూ. ఇప్పుడు?”

“వేళ్ళు.”

“ఇంకాస్త.”

“ఆ... ఆ. చాలు తల్లీ, చాలు.”

పూజారి గీత పెట్టాడు. ఆ ఇంటి కోడళ్ళలో ఒకరు తెరని తాడుతో కాకుండా వాకిలి దగ్గర కొలిపించడం అదే మొదటిసారి. అప్పటికి సందడి విని మేనేజరు వచ్చాడు. వెనకే గైడు, గైడు ఫోన్ చేసి పిలిచిన యువరాజావారూ వచ్చారు.

“ఎవరు చెప్పారమ్మా తగ్గించమని?” అన్నాడు మేనేజరు.

“ఎవరూ చెప్పలేదు సార్. రాణిగారు చెప్పలేదు, తాడు చెప్పలేదు. నేనే తగ్గిస్తున్నాను.” ఆమె సుద్ద గీత వైపు చెయ్యి చూపించింది. “ఇన్నాళ్ళూ తెలియక చేశాం, ఇప్పుడు తెలిసి చేస్తున్నా. తెర పని తీసేస్తే తీసేయండి. ఇది కుట్టిచ్చాక తీసేయండి. ఏ కోడలికి అప్పగించాలనుకున్నానో ఆ పిల్లకి నేనే చెప్పుకుంటాను.”

“ఇష్టమొచ్చినట్టు చేయడానికి వీల్లేదమ్మా. ఒక ఆజ్ఞో, కాగితమో ఉండాలి కదా?”

యువరాజావారు స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నారు. “మేనేజరుగారూ, మా వంశంలో ఎన్నో ఆజ్ఞలిచ్చారు. మ్యూజియంలో అద్దాల కింద ఉన్నాయి, చదివాను. పన్ను వేయమనీ, దారి మూయమనీ, ఫలానావాళ్ళు లోపలికి రాకూడదనీ. ఇంత మంచి ఆజ్ఞ మా వాళ్ళెవరూ ఇవ్వలేదు. ఇది ఈ ఇంటి ఆడవాళ్ళ పొరపాటు వల్ల జరిగితే, మా రాణిగారి పేరు మీద ఇన్నాళ్ళు దండాలు పెట్టించుకున్నాం.” ఆయన జేబులు తడుముకున్నారు. “నాకు డెబ్భై రెండేళ్ళు. ఇంతవరకు ఒక్క ఆజ్ఞ ఇవ్వలేదు. కలం ఇవ్వండి.”

మేనేజరు కలమూ కాగితమూ ఇచ్చాడు. యువరాజావారు స్తంభానికి ఆనించి రాసి, పైకి చదివారు: “మధ్యాహ్నం వేళ వచ్చేవాళ్ళకి స్వామి పాదాలు కనిపించేలా తెర ఉండాలి. ఈ పద్ధతి పెట్టింది తెర కుట్టే ఇంటి కోడళ్ళు. ఇక ముందు కూడా కొలత వాళ్ళదే.” కింద సంతకం పెట్టి, గైడు వైపు తిరిగి, “రేపటినుంచి ఇలాగే చెప్పు,” అన్నారు.

తెరమ్మ ఏడ్చింది. ఊరికే కళ్ళు చెమర్చడం కాదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. దొంగ అన్న చోటే అత్తగారి పని కాగితం మీద నిలబడింది. ఆవిడ ఉంటే ‘చాల్లే, ముక్కు తుడుచుకుని పని చూడు’ అనేది. ఆ మాట గుర్తొచ్చి ఇంకాస్త ఏడ్చింది.

సాయంత్రం షాపులో కోడలు తెర పరిచి, గీత దగ్గర టేపు పెట్టి చూసింది. “అత్తయ్యా, ఇది పాత తెర కంటే కూడా రెండు వేళ్ళు పొట్టి వస్తోంది.”

“రానీ. అవ్వకి కనపడింది అక్కడే.”

“ఈసారికి సరే. పై ఏడు నేను కుట్టాలి కదా, తాడూ లేదు. కొలత ఎట్లా?”

“ఏముంది, మధ్యాహ్నం వెళ్ళి అవ్వని కూర్చోబెట్టి అడుగు.”

“అవ్వ ఎన్నాళ్ళుంటుంది అత్తయ్యా? ఆ తర్వాత?”

తెరమ్మ కత్తెర అందుకుంది. “వంగలేనివాళ్ళు ఎప్పుడూ ఎవరో ఒకరుంటారే పిల్లా. వాళ్ళని అడుగు.”